ఊపిరికి వాత

సన్నని తీగను ఊపిరితిత్తుల్లోకి దించి, లోపలి గొట్టాల గోడలకు వేడి తగిలించే ఉబ్బసం చికిత్స ఒకటి వచ్చిందని నోరీన్ చెప్పిన దగ్గర్నుంచి ఆమె మొగుడు క్లైవ్ నోటికి పని దొరికింది. మెల్‌బోర్న్ దాకా నాలుగు గంటలూ కారులో అదే గోల.

"ముసలి గొర్రెకి కూడా నేను వాత పెట్టను. నువ్వేమో డాక్టరమ్మ దగ్గరికెళ్లి మరీ పెట్టించుకుంటానంటావు. సరదానా?"

"సరదా కాదు. ఊపిరాడక."

"పీల్చే మందుంది, సూదులున్నాయి, మాత్రలున్నాయి. ఇంకేం కావాలి మహారాణికి?"

ఆ మాత్రలు మింగీ మింగీ నోరీన్ ముఖం ఉబ్బిపోయింది, ఎముకలు గుల్లబారాయి. క్లైవ్‌కు తెలియక కాదు. అసలు బాధ వేరు. చికిత్స మూడు విడతలు, మధ్య మధ్య మూడేసి వారాలు. సరిగ్గా వాళ్ల గొర్రెల బొచ్చు కత్తిరించే రోజుల్లో పడుతోంది. కత్తిరించేవాళ్లకు టీలు, కేకులు, మధ్యాహ్నం మాంసం వండిపెట్టే మనిషి ఆసుపత్రిలో పడుకుంటే ఎలా? అదీ ఆ మహానుభావుడి దిగులు.

డాక్టర్ పెట్రాకిస్ కూర్చోబెట్టి మొదట అడిగింది, "ఈమధ్య ఎలా ఉంటోందండీ?"

"ఫరవాలేదు," అంది నోరీన్.

అనేశాక నాలుక కరుచుకుంది. వాళ్ల ఊళ్లో అందరూ అంతే. ట్రాక్టరు కింద కాలు నలిగినవాడు కూడా అంబులెన్సులో పడుకుని ఫరవాలేదంటాడు. అనకపోతే ఏడుపుగొట్టు మనిషని పేరు పడుతుంది. నగరంలో పుట్టి పెరిగిన డాక్టరు ఆ మాట నిజమే అనుకుంది.

"అలా అయితే ఇది వద్దండీ. చేసిన కొత్తలో ఉబ్బసం ఇంకా రేగుతుంది. మందులకు లొంగనివాళ్లకే చేస్తాం."

"నేను మొత్తుకునేదీ అదే," క్లైవ్ టోపీ అందుకున్నాడు. "మా ఆవిడ గట్టి పిండం. ఇంటిల్లిపాదికీ తనే వండి వారుస్తుంది."

నోరీన్‌కు ఒళ్లు మండిపోయింది.

"అబద్ధం చెప్పాను డాక్టర్. స్నానం చేస్తే ఒళ్లు తుడుచుకునే ఓపిక ఉండదు. కూర్చునే నిద్రపోతాను. ఊపిరందక నేను కొట్టుకుంటుంటే ఈయన లేచి పక్కగదిలోకి పోయి తలుపేసుకుంటాడు. తెల్లారాక టీ అయిందా అని అడుగుతాడు."

క్లైవ్ మెడ ఎర్రబడింది. "ఇంటి గుట్టు బయటపెడతావా?"

"పెట్టాను. ఇంకా ఉంది, వింటావా?"

డాక్టరు అతని వంక చూడనైనా చూడలేదు. ఉన్న పరీక్షల కాగితాలన్నీ మళ్లీ తిరగేసి, ఇంకో నాలుగు ప్రశ్నలు వేసి, గురువారం ఒకరు రావడం లేదని, మంచం ఖాళీ ఉందని చెప్పింది. "చికిత్సకు ముందు వాడే మందులు ఇవాళే మొదలుపెట్టాలి. అందాకా ఈ ఊళ్లోనే ఉండగలరా?"

"ఉంటాను."

కారు దగ్గర క్లైవ్ ఆమె సంచీ తీసి నేలమీద పడేశాడు.

"వెనక్కి తీసుకెళ్లడానికి నేను రాను."

"రమ్మన్నానా?"

"మరి కత్తిరించేవాళ్లకు వంట?"

"నీకు చేతులు లేవా? నేను చచ్చుంటే చేసుకునేవాడివిగా."

అతను తలుపు దఢేలున వేసుకుని వెళ్లిపోయాడు. నోరీన్ గోడ పట్టుకుని ఆయాసం తగ్గేదాకా నిలబడింది. గురువారం తలుచుకుంటే భయంగానే ఉంది. అయినా ఇంకో నాలుగు గంటలు ఆ మనిషి పక్కన కూర్చునే పని తప్పినందుకు సిగ్గు లేకుండా సంతోషించింది.