కుప్పయ్య చేవ్రాలు

జీపు ఎక్కించేటప్పుడు కుప్పయ్య దగ్గుతున్నాడు. దగ్గు తెరిపి ఇస్తే ఎక్కుతానన్నట్టు చెయ్యి ఎత్తి చూపాడు. కానిస్టేబులు ఆ చేతినే పట్టుకుని లోపలికి లాగాడు.

అంతకు ముందు ఎస్సై ఒక ప్రింటు కాగితాన్ని ఆయన ముఖం ముందు ఆడించాడు.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనే సార్. కింద పేరుండాది గదా."

చిత్తూరు నుంచి వచ్చిన నేను పక్కనే ఉన్నాను. కాదని చెప్పమని కళ్ళతో ఎంత బతిమాలినా ఆయన నా వైపు చూడలేదు. ఆ గొంతులో భయం లేదు. ఇన్నేళ్ళుగా పెట్టుకున్న అర్జీల్లో ఒక్కటైనా పైవాళ్ళు చదివారన్న తృప్తి ఉంది.

ఐరాలలో బస్సు దిగి లోపలికి నడిస్తే కొత్తగుండ్లపల్లె. ఊరంతా నల్లరాయి క్వారీలోనే పని. రాయి తొలిచే మిషను దగ్గర నీళ్ళు కొడితే దుమ్ము లేవదు. కాంట్రాక్టరు కొట్టించడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆరేళ్ళలో పదిహేడు మంది పోయారు. కాగితాల మీద మాత్రం అందరిదీ టీబీయే.

2007లో తిరుపతి విద్యార్థులు కొందరు ఈ చావుల గురించి ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టారు. ఏ క్వారీ కూలీ అయినా తన మాట అందులో రాయవచ్చు. ఆరు నెలలు తిరక్కముందే దాన్ని అడ్డుకున్నారు. చిత్తూరులో ఏ నెట్ సెంటరులో కొట్టినా తెల్ల తెర తప్ప ఏమీ రాదు. అప్పుడు ఆ విద్యార్థుల్లో ఒకరైన జాహ్నవి మా ఇంటికి ఒక సీడీ తెచ్చింది. అందులోని సాఫ్ట్‌వేరు మనం అడిగిన పేజీని మూడు కంప్యూటర్ల చేతులు మార్చి తెస్తుంది. ఎవరు అడిగారో, ఏం చదివారో మధ్యలో కాపు కాసేవాడికి తెలియదు. కానీ దాన్ని వాడే పద్ధతంతా ఇంగ్లీషులో ఉంది.

నేను బీఎస్సీ చదివి ఇంట్లో ఉన్నదాన్ని. ప్రతి మాటా సరిచూసుకుని పందొమ్మిది మెట్లుగా తెలుగులో రాశాను. ఆ కాగితం, సీడీ నెట్ సెంటరుకు వెళ్ళేవాళ్ళకు ఇచ్చి, మా ఇంటి ఫోను నంబరు మాత్రం నోటిమాటగా చెప్పి పంపాను. మా ఆయన ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్ళాక ఫోను మోగేది.

"సీడీ పెట్టినా బొమ్మ రాలే అక్కా."

"యాడ నొక్కల్ల? ఎడమ పక్కనా?"

ఓపిగ్గా చెప్పేదాన్ని. చక్కగా చెబుతున్నానని లోలోపల కొంత గర్వం కూడా ఉండేది.

కొత్తగుండ్లపల్లెలో ఇంటరు చదివింది ఎస్తేరు ఒక్కతే. ఆ పదిహేడు మందిలో ఆమె నాయన కూడా ఉన్నాడు. కుప్పయ్య తన మాట చెబుతుంటే ఎస్తేరు ఆ పేజీలో టైపు కొట్టింది. చివర ఆయన తాసిల్దారు అర్జీలో రాయించినట్టే రాయించాడు: ఇట్లు తమ విధేయుడు, కుప్పయ్య, తండ్రి ఎల్లప్ప, కొత్తగుండ్లపల్లె, ఐరాల మండలం.

"పేరొద్దేమో పెదనాయనా" అందట ఎస్తేరు.

"పేరు లేని అర్జీ ఎవురు సదువుతారు పాపా? కొట్టు."

నా పందొమ్మిది మెట్లలో పేరు రాయవద్దన్న మాట లేదు. అది చెప్పాల్సిన సంగతని నాకు తట్టనే లేదు. నేను జీవితంలో ఎవరికీ అర్జీ పెట్టుకున్నదాన్ని కాదు.

మూడో రోజు శవాన్ని ఇచ్చారు. ఆయన పీల్చే మందు పట్టుకుని భార్య పోలేరమ్మ రెండు రోజులూ స్టేషను గేటు బయటే నిలబడింది. లోపలికి పోనివ్వలేదు. ముందునుంచే జబ్బు మనిషి అని రాసిన కాగితం మీద ఆమె వేలిముద్ర మాత్రం లోపలికి పిలిచి వేయించుకున్నారు.

కర్మలు అయ్యాక ఒక ఆదివారం, ప్రార్థన ముగిసిన చర్చి రేకుల కింద అందరూ కూర్చున్నారు. జాహ్నవి వచ్చింది. నేనూ వెళ్ళాను.

డ్రిల్లు మిషను మీద పనిచేసే మునిచంద్ర ముందు లేచాడు. "సాలప్పా! ఆ సీడీని ఇరగ్గొట్టి పారేయండి. ఉండేవోళ్ళన్నా బతకల్ల."

"నువ్వు బతికేదేంది మునిచంద్రన్నా?" అంది ఎస్తేరు. "నీ దగ్గు మా ఇంటి దాకా ఇనపడతాది. మా కోడి నీ దగ్గుకే లేస్తాది."

ఎవరో నవ్వారు. మునిచంద్ర కూడా నవ్వబోయి దగ్గాడు. నవ్వు ఆగిపోయింది.

జాహ్నవి అంది: "ఇకనుంచి ఎవరూ పేరు పెట్టకండి. కుప్పయ్యగారు చేసిన తప్పు..."

"తప్పా?" పోలేరమ్మ తల ఎత్తింది. "ఏమ్మా, నా మొగుడు దొంగతనం చేసినాడా, పేరు దాసి పెట్టేదానికి? వాళ్ళు టీబీ అని రాసి మా మనుషుల్ని మాయం చేసినారు. మీరు పేరే తీసేయమంటారు. అప్పుడు సచ్చింది ఎవురమ్మా?"



"తప్పు నాది" అన్నాను. "దారి దాచడం చెప్పాను. మనిషిని దాచడం చెప్పలేదు."

పోలేరమ్మ నా వైపు తిరిగింది. క్షమించిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. "ఏడిస్తే ఆయన రాడు. ఈ తూరి సరిగ్గా సెప్పు" అంది.

గోడకు ఆనుకుని కూర్చున్న కుప్పమ్మ మెల్లగా అంది. రెండేళ్ళ కిందట మొగుడు పోయిన మనిషి, అక్షరం రాదు. "పేరు కావల్ల. మనిషి దొరక్కూడదు. అంతే గదా? సచ్చినోళ్ళ పేర్లు పెట్టండి. మా ఆయన్ని ఇంగో తూరి ఎట్ల సంపుతారు?"

మునిచంద్ర తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "నేనూ వస్తా, వాళ్ళు పోయిన దినాలు నాకు గుర్తుండాయి" అన్నాడు.

నేను పాత కాగితం చించేశాను. ఈసారి ఎస్తేరు వెంట నెట్ సెంటరుకు వెళ్ళి, అక్కడ ఏం జరుగుతుందో చూసి రాశాను. గుర్తింపు కార్డు అడిగే చోట కూర్చోవద్దు. ఒకే సెంటరుకు రెండుసార్లు వద్దు. వెనక ఎవరు నిలబడ్డారో చూసుకో. బతికున్నవాళ్ళ పేరు, ఇంటి గుర్తు, పని వేళ రాయవద్దు. చదువు రానివాళ్ళకు కూర్చోబెట్టి, వేలి కణుపుల మీద లెక్కపెట్టిస్తూ నోటితో చెప్పాను, తిరిగి చెప్పించుకున్నాను.

చచ్చినవాళ్ళు రాయడం మొదలుపెట్టారు. వెంకటముని, తండ్రి తిరుమలయ్య, కొత్తగుండ్లపల్లె: నీళ్ళు లేకుండా తొమ్మిదేళ్ళు నా చేత రాయి తొలిపించినారు. అలా ఏడు ఉత్తరాలు.

ఒక సోమవారం నేను ఊళ్ళో ఉండగా జీపు వచ్చింది. కొత్తగా బదిలీ అయి వచ్చిన ఎస్సై.

"వెంకటముని ఎవరు?"

"నా మొగుడు సార్" అంది కుప్పమ్మ.

"ఎక్కడున్నాడు?"

"ఈడనే ఉండాడు. యాడికి పోతాడు? రాండి."

ఆమె ముందు నడిచింది, వెనక ఎస్సై, ఆ వెనక ఊరంతా. చింతచెట్లు దాటి, శ్మశానంలో ఒక మట్టిదిబ్బ దగ్గర ఆగింది. తలవైపు క్వారీలో పనికిరాదని పారేసిన నల్లరాతి ముక్క పాతి ఉంది.

"ఎగతాళి చేస్తాండారా?"

"మీరడిగిన మనిషే గదా సార్. పట్టకపోండి."

పోలేరమ్మ ముందుకొచ్చింది. ఇంకా పచ్చి ఆరని దిబ్బ చూపించి అంది: "ఈయన కుప్పయ్య. ఈయన మీ స్టేషనుకు తెలిసిన మనిషే."

ఎస్సై చుట్టూ చూశాడు. ఆ పదిహేడు మందివీ, కుప్పయ్యదీ: శిలువలున్నవి, రాళ్ళున్నవి కలిపి పద్దెనిమిది దిబ్బలు. ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈ ఊళ్ళో టైపు కొట్టేది నువ్వొక్కదానివే అంట గదా" అని కానిస్టేబులు చేత ఎస్తేరు మోచెయ్యి పట్టించాడు. నేను ముందుకు అడుగు వేశాను. ఎస్తేరు నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. జీపు కదిలింది.

"నడవండి" అంది పోలేరమ్మ.

క్వారీలో మిషన్లు ఆగిపోయాయి. పట్టపగలు ఆ నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. రెండు వందల మంది స్టేషను దారి పట్టారు. దారిలో ఇంకో క్వారీ కూలీలు సమ్మెట్లు దించి రోడ్డు మీదికి వచ్చారు. తలగుడ్డ మీదంతా తెల్లటి దుమ్ము ఉన్న ఒక ఆడమనిషి కుప్పమ్మ పక్కన చేరి అడిగింది.

"మేమూ మా సావులు రాయించల్ల మే. ఆ పేజీ ఎట్ల తెరస్తారు?"

కుప్పమ్మ నడుస్తూనే బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీద పెట్టింది.

"మొదటిది ఇను. బతికుండేవోళ్ళ పేరు యాడా సెప్పొద్దు. నాకు గూడా సెప్పొద్దు."

ఆ మనిషి తల ఊపింది. కుప్పమ్మ వేలు రెండో కణుపు మీదికి జరిగింది.