నాలుగో నంబర్ లేని షెడ్డు

నాకు కోపం ఎక్కువని మా అమ్మ లూర్దమ్మ, చర్చిలో కూడా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. ఆ సోమవారం వచ్చిన కోపంలో సగం నా మీదే.

నాచారంలో సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. మా షెడ్డులో మెషీన్లు ఆరు. నంబర్లు మాత్రం ఒకటి, రెండు, మూడు, అయిదు, ఆరు, ఏడు. నాలుగో మెషీన్ ఒకాయన వేళ్లు మూడు తీసుకుంది. దాన్ని తుక్కు కింద అమ్మేశాక ఆ నంబర్ ఇంకే మెషీన్‌కూ పెట్టనివ్వలేదు పనివాళ్లు. కిందటేడు మేనేజర్ చలపతిరావు ఎక్కడిదో పాత మెషీన్ కొనుక్కొస్తే, దసరా పూజనాడు దానిమీద ఎర్ర రంగుతో ఏడు అని రాశారు.

ఏ మెషీన్ మీద ఎన్ని మూతలు పాడయ్యాయో శనివారం హడావిడిగా ఎక్సెల్‌లో చార్టు గీశాను. మెషీన్ నంబర్లు కూడా బార్‌లుగా లేచి కూర్చుంటే చిరాకేసి తీసేశాను. బార్‌ల కింద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు ఎక్సెల్ దానంతటదే వేసుకుంది. చూడకుండానే ప్రింట్ కొట్టాను. నా బుద్ధి గడ్డి తిన్నది!

సోమవారం వచ్చేసరికి తిరుపతన్నను పనిలోంచి తీసేస్తూ కాగితం తయారైంది. ఆయనది ఆరో నంబర్ మెషీన్. చార్టులో అన్నిటికన్నా పొడుగ్గా లేచింది ఆరో బార్.

చలపతిరావు దగ్గరికి పరుగెత్తాను.

"సార్, తప్పు నాది. కింద నంబర్లు నేను పెట్టలే. గా పొడుగు బార్ ఏడో మెషీన్‌ది, మీరు తెచ్చినదానిది."

"తెలుసు" అన్నాడు. "ఓనర్ సంతకం అయిపోయింది. ఇంక కెలకకు."

తెలుసట! ఒళ్లు మండిపోయింది. నా సీట్లో కూర్చుని చార్టు మీద రైట్ క్లిక్ కొట్టి, సెలెక్ట్ డేటాలోకి వెళ్లి, అడ్డగీత లేబుళ్ల దగ్గర ఎడిట్ నొక్కి, మెషీన్ నంబర్ల గడులు చూపించాను. పొడుగు బార్ కింద ఏడు పడింది. అర నిమిషం పని. శనివారం ఆ అర నిమిషం ఏ గంగలో కలిసిందో!

ప్రింట్ తీసుకుని నేరుగా ఓనర్ రామచంద్రరావు గదిలోకి వెళ్లి చెప్పాను.

"నాలుగో నంబర్ లేదా మన దగ్గర?" అన్నాడాయన.

"షెడ్డులకు ఒక్కసారన్న రాండ్రి సార్, తెలుస్తది!"

ఆయన చార్టులో ఏడు మీద వేలు పెట్టి చూసి, తిరుపతన్నను తీసేసిన కాగితం చింపేశాడు. చలపతిరావును పిలవమన్నాడు.

తిరుపతన్న గేటు దగ్గర టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"లోపలికి రా అన్నా. కాగితం చింపేసిన్రు. తప్పు నాదే, తిట్టు నన్ను."

ఆయన లేవలేదు.

"నా మెషీన్ మీద జానెడు నంబర్ రాసి ఉంది. వాళ్లు రారు, సరే. చార్టు గీసేముందు నువ్వన్న వచ్చి సూసినవా, బిడ్డా?"

నా గది నుంచి షెడ్డుకు ఇరవై అడుగులు.