పైకి పలికిన ధర

ముప్పై ఏళ్ళు పట్టునూలు దళారీగా బతికాను గానీ, ధర ఏనాడూ నోటితో చెప్పినవాణ్ణి కాదు. బెంగుళూరు కబ్బన్‌పేటలో మా బేరాలన్నీ తువ్వాలు కిందే. అమ్మేవాడి చెయ్యి పట్టుకొని, వేళ్ళు నొక్కి ఒక ధర తేల్చేవాణ్ణి. కొనేవాడి చెయ్యి పట్టుకొని ఇంకో ధర నొక్కేవాణ్ణి. మధ్యలో తేడా నాది. అందరు దళారీలూ చేసే పనే కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

పందొమ్మిదివందల యాభై ఏడులో, నేను సరుకు ఇప్పించే అంగడి యజమాని వెంకటగిరియప్పకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఒక్కగానొక్క కొడుకు అంతకుముందే పోయాడు. అంగడి తనకే వస్తుందని తమ్ముడి కొడుకు శ్రీనివాసప్ప కొత్త కోటు కూడా కుట్టించుకున్నాడు. పెద్దాయన మాత్రం కోడలు అక్కయమ్మను పిలిచి, "ఈ శుక్రవారం సరుకు నువ్వు కొనమ్మా. కొనగలిగితే అంగడి నీది. లేకుంటే వాడిది," అన్నాడు.

"ఆడది తిరిగి చెడునని ఊరికే అన్నారా?" అన్నాడు శ్రీనివాసప్ప నాతో. నేనూ నవ్వాను. నడిబజారులో పరాయి మగాడి చేతిలో చెయ్యి పెట్టి ఆమె ధర ఎట్లా తెలుసుకుంటుంది?

శుక్రవారం శిడ్లగట్ట నుంచి తిమ్మరాయప్ప పట్టు మూటలు దించాడు. తువ్వాలు కింద పౌండు ముప్పై రూపాయలకు తేల్చుకున్నాను. అంగడికి ముప్పై రెండు చెప్పాలని నా లెక్క.

అక్కయమ్మ చాప మీద కూర్చొని నూలు చిలప ఒకటి విప్పింది. లోపలి పోగులు చెంపకు ఆనించి చూసింది. "లోపల తడి ఉండాది తిమ్మరాయప్పా. రెండు దినాలు ఆరబెట్టి తూస్తాము," అంది. అతను తల వంచుకున్నాడు. నాకే తెలియలేదు ఆ తడి.

"ధర చెప్పండి చిన్నాయనా," అంది నావైపు తిరిగి.

"చెయ్యి పట్టుకొని చెప్పేదానికి నేనుండానే!" శ్రీనివాసప్ప ముందుకొచ్చాడు.

"చేతులెందుకు? నోరుండాది కదా. తిమ్మరాయప్ప కూడా ఈడనే ఉండాడు, ఇననీ."

నిజం చెబితే నా తేడా పోతుంది. అబద్ధం చెబితే అమ్మినవాడు పక్కనే కూర్చున్నాడు. ఆమె పదేళ్ళుగా లోపలి గది తలుపు వెనకే నూలు చుడుతూ, మా బేరాలన్నీ చూస్తూ కూర్చుందని అప్పుడు గుర్తొచ్చింది.

"తువ్వాలు చేతిని మూస్తాది గానీ మొకాన్ని మూయదు చిన్నాయనా," అంది, నాకొక్కడికే వినబడేట్టు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకునేవాణ్ణేమో.

"ముప్పై!" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఎదురంగడి గంగప్ప లేచి నిలబడ్డాడు. వీధిలో నడిచేవాళ్ళు ఆగారు. ఆ బజారులో ధర ఒకటి చెవిన పడటం అందరికీ అదే మొదలు.

"సరే, ముప్పైకి తీసుకున్నాము. మా దళారీకి పౌండుకు అర్ధరూపాయి వేరే. అదీ అందరూ ఇననీ," అంది అక్కయమ్మ.

లోపలి గదిలోనుంచి పెద్దాయన నన్ను పేరు పెట్టి పిలిచాడు. "ముప్పైయా? ఓబళప్పా... ఇన్నేండ్లూ..." అన్నాడు. తర్వాత శ్రీనివాసప్పతో, "శీనప్పా, నువ్వు ఇంటికి పోప్పా. అంగడి దానిది," అన్నాడు.

చాప మీద అక్కయమ్మ అప్పటికే రెండో మూట విప్పుతోంది. ఒక్క మాటతో ముప్పై ఏళ్ళ నా దొంగతనాన్ని ఆపిన మనిషి, నన్ను దొంగ అని ఒక్కసారి కూడా అనలేదు. వయసులో నాకన్నా పాతికేళ్ళు చిన్నది. ఏ దేవుడి ముందూ అంత భయంగా, అంత ఇష్టంగా నిలబడి ఎరగను. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

"దండాలెందుకు చిన్నాయనా," అంది తలెత్తకుండా. "రేపు ఇంకా నలుగురు సరుకు తెస్తారంట. గొంతు సరిచేసుకొని పొద్దున్నే రండి."