సాపార్ బాకా కడిగిన నీళ్లు

ట్యూబా అనే పెద్ద బాకా కడుపులోంచి పొడుగాటి తీగబ్రష్షు లాగేసరికి దాని కుచ్చుకి నల్లటి జిగురూ, జిగురులో నానిపోయిన రొట్టెముక్కా అంటుకుని వచ్చాయి. జుమాడిల్ ఆ ముక్కని గోటితో గీకి డబ్బాలో పడేశాడు. శవయాత్రల్లో ఊదేవాళ్లు తింటూ ఊదుతారు, తాగుతూ ఊదుతారు. నమిలిందంతా గొట్టంలోకే పోతుంది. పైన మాత్రం తళతళలాడాలి. చూడొచ్చినవాడు చూసేది పైపైనే కదా.

బొగ్గుగనుల ఊరు కరగండాలో గనివాళ్ల క్లబ్బు కింద నేలమాళిగ అతని చోటు. మూతపడ్డ గనుల బ్యాండుల నుంచి చవగ్గా వచ్చిన పాత బాకాలన్నీ అతని తొట్టిలో మునిగి లేవాల్సిందే. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. సలసల కాగినవి పోస్తే పైపూత పాముకుబుసంలా లేచిపోతుంది. మీటలు విప్పి విడిగా పెట్టాలి. పెదాలు ఆనించే చిన్న గిన్నెని సబ్బుతో కడిగి స్పిరిట్టులో ముంచాలి. ఊదేవాళ్లు మాత్రం గొట్టంలో గుక్కెడు వోడ్కా పోసి, అటూ ఇటూ ఊపి, దాన్నే తాగేసి, శుభ్రమైపోయిందంటారు.

జుమాడిల్‌ది సన్నటి, పొడుగాటి శరీరం. పై పెదవి మీద నాణెం అదిమినట్టు గుండ్రటి మచ్చ. బుగ్గలు ఊది ఊది సాగి, ఊదనప్పుడు ఖాళీ సంచుల్లా వేలాడతాయి. దగ్గొస్తే తొట్టి అంచు పట్టుకుంటాడు. ఛాతీ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫొటో వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఏ గనిలో చేశావయ్యా?" అంది. గనిలోకి ఎప్పుడూ దిగలేదన్నాడు. ఆవిడ నమ్మలేదు.

మెట్లమీద బూట్ల చప్పుడైంది. అర్కాషా. క్లబ్బు సామానంతా కొనుక్కున్న వ్యాపారి.

"అన్నా, మధ్యాహ్నం వ్యాను వస్తుంది. మొత్తం కట్టగట్టి పావ్లోదార్‌లో పిల్లల సంగీతబడికి ఇచ్చేస్తున్నా."

"ఈ ట్యూబా ఒక్కటే మిగిలింది."

"ఒక్కటేంటి? ఆ గోడకున్న టెనార్ బాకా?"

"అది సాపార్‌ది."

"సాపార్‌ది కాదన్నా, క్లబ్బుది. క్లబ్బు ఇప్పుడు నాది. ఆ లెక్కన నువ్వు కూర్చున్న స్టూలూ నాదే."

జుమాడిల్ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"అబ్బ, కూర్చో! మాటవరసకన్నాను." అర్కాషా నవ్వాడు గానీ, వెళ్తూ వెళ్తూ గోడవైపు వేలు చూపించే వెళ్లాడు.

సాపార్ జుమాడిల్‌కి అన్న. పగలు గనిలో, సాయంత్రం క్లబ్బు బ్యాండులో. ఒకరోజు కింద మంటలు లేచాయి. మంట పాకకుండా ఆ సొరంగానికి గోడ కట్టి నీళ్లు వదిలారు. లోపల మనుషులున్నారని పైవాళ్లకి తెలియక కాదు. సాపార్ పైకి రాలేదు. స్నానం చేయించడానికి దేహం లేదు, పూడ్చడానికి గొయ్యి లేదు. క్లబ్బు బీరువాలో అతని బాకా ఒక్కటే మిగిలింది.

ఆ బ్యాండులో ఒక పద్ధతి ఉండేది. చనిపోయినవాడి బాకాని నలభయ్యోరోజు ప్రార్థనదాకా కడక్కుండానే ఊదుతారు. ఆ రోజు కడిగి, కొత్తవాడి చేతికిస్తారు. నలభయ్యోరోజు జుమాడిల్ గోరువెచ్చని నీళ్లు తెచ్చుకున్నాడు. బాకాని మొహానికి దగ్గరగా పెట్టుకుంటే లోపలినుంచి అన్న పొగాకు వాసన వచ్చింది. నీళ్లు అలాగే చల్లారిపోయాయి.

పాతికేళ్లు దాటింది. ఎవరి శవం లేచినా ఆ బాకానే ఊదాడు. పొగాకు వాసన ఎప్పుడో పోయింది. తడిసిన గోనెసంచి వాసన వచ్చేది. అది బూజని అతనికి తెలుసు. ఊదేముందు గుండెనిండా గాలి పీలుస్తాం కదా, ఆ గాలి ఎక్కడినుంచి వస్తోందో కూడా తెలుసు. ఊళ్లోవాళ్ల బాకాలు కడగడానికైతే క్షణం ఆలోచించడు.

పైన క్లబ్బుకొచ్చేవాళ్ల చలికోట్లు భద్రపరిచే ఎర్నా పాలచాయి తెచ్చింది.

"ఏంటి, మొహం గంటుపెట్టుకున్నావు?"

"ఆ బాకా పట్టుకుపోతాట్ట."

"మీ అన్నదా? పోనీ, పీడ విరగడవుతుంది. ఊళ్లోవాళ్ల ఎంగిలంతా తోముతావు, మీ అన్న ఎంగిలి మాత్రం మూడు పూటలా మింగుతావు."

"అన్నది ఎంగిలెలా అవుతుంది?"

"అవ్వదులే. అమృతం. అందుకే ఇలా నిగనిగలాడుతున్నావు." స్టూలు లాక్కుని కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించింది. "పైన ఒకసారి తుడిచి ఇచ్చెయ్యరాదూ? లోపల ఎవడు చూడొచ్చాడు?"

"పిల్లలు ఊదుతారు, ఎర్నా."

ఇంకేదో అనబోయాడు గానీ దగ్గు తెర వచ్చింది. అది ఆగేదాకా ఆమె చాయి గ్లాసు పట్టుకునే ఉంది. ఆగాక గ్లాసు అతని చేతికిచ్చి పైకి వెళ్లింది.

అన్న బాకాకి తొట్టి కాకుండా కొత్త పళ్లెం తీశాడు. వెడల్పాటి, లోతైన తెల్ల ఎనామిల్ పళ్లెం. నీళ్లు మోచేత్తో చూసి పోశాడు, చంటిబిడ్డకి చూసినట్టు. మీటలు విప్పాడు. ఒక గొట్టం బిగుసుకుపోయి రాలేదు. దాన్ని తిట్టాడు. గుడ్డతో వెచ్చచేసి మెల్లిగా లాగితే వచ్చింది. బ్రష్షు లోపలికి తోసినప్పుడు మెత్తగా ఏదో అడ్డుపడింది. కళ్లు మూసుకుని లాగాడు. ఆకుపచ్చది, నల్లది, జున్నులా తెగిపోయే ముద్ద. రెండోసారి, మూడోసారి. నీళ్లు చిక్కబడ్డాయి. చివరికి గొట్టంలోంచి చూస్తే అవతలి వెలుతురు కనిపించింది.

తుడిచి, నూనె వేసి, బిగించి, ఊదాడు. బాకా గొంతు సన్నగా వచ్చింది. మీటల పక్కనుంచి గాలి ఉస్సుమంది. అతనికి అర్థమైంది. అరిగిపోయిన సందుల్ని ఇన్నేళ్లూ ఆ పాచే మూసిపెట్టింది.

వ్యానులో సంగీతబడి మాస్టారు వచ్చాడు. ఒక్కొక్కటీ ఊది చూసుకున్నాడు. టెనార్ బాకా దగ్గర మొహం చిట్లించాడు. "ఇది గాలి వదిలేస్తోంది. మాకొద్దు."

"నిన్నటిదాకా మోగిందే!" అన్నాడు అర్కాషా. జుమాడిల్ వైపు చూసి, భుజాలెగరేసి, బాకా అతని ఒళ్లో పెట్టాడు. "పోనీలే అన్నా, మీ అన్నది నీకే మిగిలింది. ఉంచుకో, ఏమీ ఇవ్వక్కర్లేదు. సంతోషమేనా?"

బయట మంచు కురుస్తున్నా, వెళ్తూ బాయిలరు ఆపించాడు. సామాను లేని గదికి వేడెందుకని.

చీకటి పడుతుండగా ఎర్నా కోటు తొడుక్కుని తొంగిచూసింది. జుమాడిల్ పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు.

"ఇంకా పోలేదా? ఆ కంపు నీళ్లు నేను పారబోస్తాలే."

"ముట్టుకోకు. అవి నలుగురు తొక్కేచోట పోయకూడదు."

ఆమె జర్మను మనిషైనా పుట్టి పెరిగింది అక్కడే. చనిపోయినవాళ్లకి స్నానం చేయించిన నీళ్లు ఎక్కడ పోస్తారో తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పొద్దున ఆ మూసేసిన గని దగ్గరికి తీసుకెళ్తా. చుట్టూ కంచె ఉంది. అక్కడ ఎవరూ తొక్కరు."

"పళ్లెం మోసుకుని బస్సెక్కుతావా? కండక్టరమ్మ దానికీ టికెట్టు కొడుతుంది."

"కొట్టనీ. మా అన్న ఎప్పుడూ టికెట్టు కొనేవాడు కాదు."

నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది. ఆమె శాలువా ఒకటి అతని భుజాల మీద వేసి, తొందరగా ఇంటికి పొమ్మని చెప్పి మెట్లెక్కింది.

పొద్దున ఎర్నా వచ్చేసరికి అతను అదే స్టూలు మీద, గోడకి తలవాల్చి ఉన్నాడు. శాలువా జారలేదు. బాకా ఒళ్లోనే ఉంది.

చుట్టాలు వచ్చి తీసుకెళ్లారు. స్నానం చేయించారు, ఆ నీళ్లు పోయాల్సినచోట పోశారు, పూడ్చారు. బ్యాండు లేదు. ఊదడానికి బాకాలన్నీ పావ్లోదార్ వెళ్లిపోయాయి, ఉన్నదొక్కటీ మోగదు.

తర్వాత ఎర్నా తాళం వేయడానికి కిందికి దిగింది. గది గడ్డకట్టుకుపోయి ఉంది. కంచెదాకా మోసుకెళ్దామని పళ్లెం ఎత్తబోయింది. అది నేలకి అతుక్కుపోయింది. అంచుదాకా ఆకుపచ్చటి మంచుగడ్డ, దానిలో సగం మునిగి, కుచ్చు పైకి పెట్టుకుని, తీగబ్రష్షు.