సున్నం తిన్న చుక్క

కందిబేడల్లో రాళ్లు ఏరుతుంటే మా అత్త వెంకటేశ్వరమ్మ వెనకనుంచి వచ్చి నా జడ వాసన చూసింది. ఆమె ముక్కు సంగతి మైదుకూరులో అందరికీ తెలుసు. బద్వేలులో ఎవరింట్లోనో తాలింపు మాడితే ఈమె ఇక్కడ తుమ్ముతుంది.

"ఏమ్మే పద్మా, పూలు పెట్టుకోకుండానే వాసనొస్తాండాదే? యాడికి పోయినావు?"

"నెట్ సెంటరుకు, అత్తా. ఆడ అగరొత్తులు ముట్టించినారు."

"ఊఁ," అంది. కోర్టులో ప్లీడరు కూడా అంత పొడుగు 'ఊఁ' అనలేడు.

మా అంగడి బోర్డు మీద 'రాయి లేని కందిబేడలు' అని ఎర్రరంగుతో రాయించాడు మా ఆయన రాఘవేంద్రప్రసాద్. ఆ మాట నమ్మి బ్రహ్మంగారిమఠం నుంచి కూడా వచ్చి కొంటారు. ఉన్న రాళ్లు ఎటు పోయాయని ఒక్కరూ అడగరు. పెళ్లికి ముందు నేను ప్రొద్దుటూరులో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. "ఒక్క ఏడాది ఆగు, అంగడి కుదుటపడనీ" అన్నాడు. అంగడి కుదుటపడింది, పక్కగదిలోకి పెరిగింది, గోదాము కూడా లేచింది. నా ఏడాది మాత్రం ఇంకా గడవలేదు. అంత పొడుగు ఏడాది నెప్ట్యూన్ మీద కూడా ఉండదు.

మధ్యాహ్నం అంగడి మూసి అందరూ కునుకు తీసే వేళ నేను నెట్ సెంటరులో చదివేది శ్వేత కుబ్జాల గురించి. అంటే బతుకంతా మండి, పై పొరలు ఊదేసుకుని, భూమంత ముద్దగా మిగిలిన చుక్కలు. ఆ ముద్ద లాగుడుకు బరువైనదేదైనా అడుక్కి దిగిపోతుంది. పైన హైడ్రోజనో హీలియమో తప్ప ఏమీ కనపడకూడదు, మడి కట్టుకున్నంత శుభ్రం. కానీ కొన్నిటి వెలుగును విడదీసి చూస్తే కాల్షియం గీత దొరుకుతోంది. మన సున్నంలో ఉండేదే. అది ఎక్కడిది? ఆ చుక్కే దగ్గరికొచ్చిన గ్రహాల ముక్కల్ని చీల్చి, పొడి చేసి, చుట్టూ పళ్లెంలా పరుచుకుని, మెల్లగా మింగుతోందట. ఎప్పుడో మింగి ఊరుకుని ఉంటే ఈపాటికి ఆ కాల్షియం అడుక్కి దిగిపోయేది. ఇంకా పైన కనపడుతోందంటే ఇప్పటికీ తింటూనే ఉందన్నమాట. అది చదివిన రోజు ఇంటికొచ్చి, తెల్ల చొక్కాలో మెరిసిపోతున్న మా ఆయన్ను చాలాసేపు చూశాను.

"ఏంది, అట్ల చూస్తాండావు?"

"ఏం ల్యా. ఇస్త్రీ ఎవురు చేసినారా అని."

ఆ చుక్కల మీదే పరిశోధన చేస్తానని కడపలో కొత్తగా పెట్టిన విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టాను. శుక్రవారం ఇంటర్వ్యూకు రమ్మన్నారు. ఇప్పుడు పోకపోతే వచ్చే ఏటికి నాకు వయసు హద్దు దాటిపోతుంది. ఆ సంగతి నేను ఇంట్లో చెప్పేలోపే ఎదురు బట్టలంగడి శాంతయ్య మా అత్తతో చెప్పాల్సింది చెప్పేశాడు: "మీ కోడలు కంప్యూటరు ముందర కూచోని తనలో తానే నవ్వుకుంటాందమ్మా."

నేను వంటింట్లో ఏడ్చిన రోజుల్లో ఎవరూ కారణం అడగలేదు. నవ్వానని తెలిసిన మరుసటి పొద్దున్నే నన్ను నడింట్లో నిలబెట్టారు.

"ఎవడు వాడు?" అన్నాడు మా ఆయన.

"చుక్క. సచ్చిపోయిన చుక్క. శానా దూరం."

"దూరమంటే? హైదరాబాదా?"

"ఇంకా దూరం."

అత్త గుండె మీద చెయ్యేసుకుంది. "కువైటంట్రా!"

నవ్వాపుకుని అంతా చెప్పాను, ఇంటర్వ్యూతో సహా. ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. "నువ్వు కడపకు పోతే బేడలు ఎవురు చూస్తారు?" అన్నాడాయన. అత్త ఇత్తడి పళ్లెంలో కర్పూరం వెలిగించి తెచ్చింది.

మా అంగళ్లవాళ్లలో ఎంతకీ తేలని తగవు కర్పూరం ఆర్పితే తేలుతుంది. మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాట తప్పినా, ఇంకొకరు అడ్డం పడి తప్పించినా, ఆ ఇంటి వ్యాపారం మట్టిగొట్టుకుపోతుందని గట్టి నమ్మకం. మాట తప్పిన ఒకాయన గోదాములో బెల్లమంతా తెల్లారేసరికి ఉప్పయిపోయిందని, తాను నాకి మరీ చూశానని మా అత్తే చెబుతుంది.

"'నాకు ఏ మగోడితోనూ సంబంధం లేదు' అను," అంది.

నిజమే కదా అని చెయ్యెత్తాను.

"'ఇంగ నెట్ సెంటరు గడప తొక్కను' అని గూడా కలుపు," అన్నాడు మా ఆయన, క్యాలెండరు వైపు చూస్తూ.

చెయ్యి అక్కడే ఆగింది. వీళ్ల అనుమానం నిజంగా మగవాడి మీదే అయితే మొదటి మాటతో సరిపోవాలి. రెండోదాని కోసమే మొదటిది తెచ్చారు. లేని మగవాణ్ని పళ్లెంలో పెట్టి, ఉన్న కడపను మింగబోతున్నారు.

అరచెయ్యి దించి కర్పూరం ఆర్పాను. చర్మం చుర్రుమంది.

"శుక్రవారం నేను కడపకు పోతా. సీటిస్తే చదువుతా. ఇది ప్రమాణం."

మగవాడి సంగతి నేను ఎత్తనే లేదు. నమ్ముకుంటారో మానుకుంటారో వాళ్ల ఇష్టం. మా ఆయన మొగం ఎర్రగా చేసుకుని నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి మాట రాకముందే అత్త ఆయన మోచెయ్యి పట్టి గుంజింది.

"నోర్ముయ్‌రా ప్రసాదూ! అంగడి మునుగుతాది. శుక్రవారం పొద్దున్నే బస్టాండులో నువ్వే దించిరా."