వినని పాటకు సంతకం

బంగాళాదుంప చెక్కు సగంలో ఆగిపోయింది. అంటే పాట బాగుందన్నమాట.

వంటగట్టు మీద పంచదార డబ్బాకు ఆనించిన ఫోన్లోంచి, ఎక్కడో సముద్రం మధ్య దీవిలో పుట్టిన ఆడగొంతు ఒకటి వస్తోంది. ఆమె పాడే భాషలో ఒక్క ముక్క కూడా పాటలమ్మకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ ఆమెకు ఎప్పుడూ కలగలేదు. చేతిలో కత్తి ఆగితే పాట పాసు. ఆగకుండా కూర పొయ్యెక్కిందంటే, పాపం, ఆ పాడినవాళ్లు ఎంత గొప్పవాళ్లయినా వచ్చే నెల చూసుకోవాల్సిందే.

తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న అత్తగారు మెడ సాచింది. ఆవిడకు చెవులు మందగించాయని డాక్టరు అన్నాడు. కోడలు ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ డాక్టరు చదువు మీద అనుమానం వచ్చేంత బాగా వినబడతాయి.

"ఏమే అమ్మాయ్, ఆవిడ మొగుడు పోయాడా?"

"తెలీదత్తయ్యా. ఆ భాష నాకు రాదుగా."

"పోలేదులే. పోతే ఇంత తీరిగ్గా ఏడవదు. ఊరెళ్లుంటాడు."

పాటలమ్మ కత్తి పక్కన పెట్టి నవ్వింది. మళ్లీ మొదటినుంచి పెట్టి విన్నది. నిజమే, ఆ గొంతులో దిగులుంది కానీ దానికి తొందర లేదు. 'భర్త ఊరెళ్లిన ఇంట్లో సాయంత్రంలా ఉంది ఈ పాట' అని మనసులో రాసుకుంది. మాసపత్రికలో ఆమె రాసే పాటల పేజీలోంచి పాఠకులు కత్తిరించి దాచుకునే వాక్యాలన్నీ ఇలా ఈ కుర్చీలోంచి, ఈ పళ్లులేని నోట్లోంచి పుట్టినవే. ఆ సంగతి పత్రికకు తెలియదు. అత్తగారికీ తెలియదు. తెలిస్తే ఆవిడ పట్టపగ్గాల్లేకుండా పోతుందని కోడలి భయం.

రెండో పాటలో ఒక కుర్రాడు డ్రమ్ముల మధ్య గొంతు చించుకుంటున్నాడు.

"ఇంతలా అరుస్తుంటే పక్కింటివాళ్లు ఊరుకుంటున్నారా?"

"ఆ డ్రమ్ములు కొట్టేది పక్కింటివాళ్లేనత్తయ్యా."

"అయితే సరే. దొందూ దొందే."

దుంపల చెక్కు ఆగలేదు. కుర్రాడు తప్పాడు.

రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మొగుడు లోపల గదిలో నిద్రపోతున్నాడు. నీళ్ల పంపింగ్ స్టేషన్లో మోటార్ల హోరు మధ్య బతికే మనిషి. ఇంట్లో పాట ఉన్నా లేకున్నా ఆయనకు ఒకటే. "మీ ఆవిడ ఉద్యోగం ఏమిటి?" అని స్నేహితులు అడిగితే "వింటుంది" అని చెప్పేవాడు. వాళ్లు అదేదో సుగుణం అనుకుని అభినందించేవారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చిన్నప్పుడు సంగీతం నేర్చుకోవడానికి వెళ్తే పంతులమ్మగారు ఒక వారం ఓపిక పట్టి, "తల్లీ, నువ్వు పాడకు. ఆ మూల కూర్చుని విను, చాలు," అంది. మిగతా పిల్లలు నవ్వారు. ఈమె మాత్రం వెళ్లి ఆ మూల కూర్చుంది. ఆ తర్వాత డిగ్రీ చదివింది, మాసపత్రికలో ప్రూఫులు దిద్దడానికి చేరింది, పెళ్లి చేసుకుంది, జుట్టు నెరిసింది. మూలలోంచి మాత్రం లేవలేదు. ప్రపంచంలో ఎక్కడెక్కడ కొత్త పాటలు వచ్చాయో నెలనెలా ఏరి చెప్పే పేజీ ఒకటి మొదలుపెడదామని సంపాదకుడికి తోచినప్పుడు, ఆఫీసులో పాట చివరిదాకా వినే ఓపిక ఉన్న మనిషి ఎవరా అని చూస్తే ఈమె ఒక్కతే కనబడింది. అప్పటినుంచి అటెండరు దగ్గర్నుంచి అందరికీ ఆమె పాటలమ్మే.

మనిషి సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటుంది, ఎదుటివాళ్లు ఏదో గుసగుసగా చెప్పబోతున్నట్టు. హెడ్‌ఫోన్ పట్టీ ఏళ్ల తరబడి నొక్కిన చోట జుట్టు పలచబడి, నడినెత్తిన పాపిటకు అడ్డంగా ఇంకో దారి పడింది. వెనకనుంచి చూస్తే నాలుగు రోడ్ల కూడలిలా ఉంటుంది. ఆమె దాన్ని దాచుకోదు. కొందరికి చేతుల మీద కాయలు కాస్తాయి, నాకు నెత్తి మీద కాసింది అంటుంది.

పేజీ పేరు 'ఈ నెల ప్రపంచం పాడింది'. పైన ఒక మూల సంపాదకుడి ఫొటో ఉంటుంది, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎంతో తన్మయంగా. ఫొటో తీసిన రోజున హెడ్‌ఫోన్ల వైరు దేనికీ తగిలించి లేదు. పేజీలు కూర్చే అతను దాన్ని మెడ దగ్గర కత్తిరించి పరువు కాపాడాడు. కింద ఎవరి పేరూ ఉండదు. పాటలమ్మ ఎప్పుడూ అడగలేదు. పాట పాడినవాళ్ల పేరు ఉండాలి కానీ విన్నవాళ్ల పేరెందుకు అనుకునేది. ఆమె పట్టుదలంతా ఒక్కదాని మీదే: చివరిదాకా వినని పాట ఆ పేజీలోకి ఎక్కకూడదు.

బస్సు దిగి ఆఫీసు మెట్లెక్కుతుంటేనే ఫోన్ మోగుతున్న చప్పుడు వినబడింది. రిసెప్షన్ అమ్మాయి చేత్తో రిసీవరు మూసి, నవ్వు ఆపుకోలేక మెలికలు తిరుగుతోంది.

"ఏమైందే?"

"'గుండె ఆగిన సారున్నారా?' అని అడుగుతున్నారు మేడమ్. పొద్దున్నుంచి ఇదే వరస."

పాటలమ్మకు అర్థం కాలేదు. నేరుగా పేజీలు కూర్చే అతని దగ్గరికి వెళ్లింది. అతను ఇద్దరు పిల్లల తండ్రి, ఎప్పుడూ మెడనొప్పితో ఒక పక్కకు వాలి ఉంటాడు. పోయిన నెల సంచిక తీసి ముందు పెట్టాడు.

సంచిక అచ్చయి వచ్చాక పాటలమ్మ తన పేజీ చూసుకోదు. వండినవాళ్లకు వాసనతోనే కడుపు నిండినట్టు, అప్పటికే ఆమెకు పాటలన్నీ నిండిపోయి ఉంటాయి. ఇప్పుడు చూసింది. ఆమె ఏరిన వాటిలో ఒకటి లేదు. రోజంతా లారీ నడిపి, రాత్రి ఆ లారీలోనే కూర్చుని ఒక మంచుదేశపు ఆడమనిషి పాడిన పాట అది. దాని చోటులో పేరుమోసిన గాయకుడి కొత్త పాట ఉంది. కింద ఇలా ఉంది: 'రెండో చరణంలో ఆ గొంతు వణికిన చోట వినేవారి గుండె ఒక్క క్షణం ఆగిపోతుంది.'

"ఇది నేను రాయలేదే!"

"సారే ఇచ్చారక్కా. కంపెనీవాళ్లు ముందుగా పంపిన కాగితం చూసి రాశారట."

"పాట వినకుండానా?"

అతను ఇంకో పక్కకు వాలాడు. "వినడానికి పాటుంటే కదక్కా. ఆ గాయకుడికి గొంతు పాడైందట. అసలు పాడనే లేదు. పాటే విడుదల కాలేదు. పోటీ పత్రికవాళ్లు ఇవాళ మొదటి పేజీలో బొమ్మ వేసి మరీ ఆడుకున్నారు."

పాటలమ్మ కుర్చీలో కూలబడింది. పాడని గొంతు వణికింది! ఉన్న గొంతును, లారీలో చలికి నిజంగా వణికిన గొంతును తీసేసి, లేని గొంతును తెచ్చి వణికించారు. పాతికేళ్ల కాపురంలో మొగుడి మీద కూడా ఇంత కోపం రాలేదు, అత్తగారి మీద వచ్చిందేమో కానీ అదీ సాయంత్రానికి చల్లారేది.

సంపాదకుడు కబురు పెట్టాడు. ఆయన చెడ్డవాడేం కాదు. మెత్తగా మాట్లాడతాడు, ఎదుటివాళ్లకు టీ తెప్పించకుండా పని చెప్పడు. ఆ టీ వచ్చిందంటే పాటలమ్మకు ముందే జాగ్రత్త పడాలనిపిస్తుంది. ఇవాళ టీతో బిస్కెట్లు కూడా వచ్చాయి.

"కూర్చోండమ్మా. మీరు మా ఇంటి మనిషి, మీ దగ్గర దాపరికం ఎందుకు? చిన్న పొరపాటు జరిగింది. చిన్న సవరణ వేసేద్దాం. నేనే రాసిపెట్టాను, మీకు శ్రమ లేకుండా."

కాగితం ముందుకు జరిపాడు. 'పోయిన నెల పాటల ఎంపికలో, వినికిడిలో జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాము' అని ఉంది. కింద ఆమె పేరు. ఇంటిపేరుతో సహా, డిగ్రీతో సహా.

"ఇదేమిటి సార్?"

"ఇన్నాళ్లూ మీ పేరు వేయలేదన్న బాధ నాకు లోపల ఉందమ్మా. ఇన్నాళ్లకి సందర్భం వచ్చింది."

ఆమె కాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఎక్కడైనా వెటకారం ఉందేమోనని. లేదు. ఆయన నిజంగానే మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. దాంతో ఆమెకు ఇంకా మండింది. మెచ్చుకోళ్లన్నీ ఆయన ఫొటో కింద పడ్డాయి. చెప్పుదెబ్బ పడే నెలకు మాత్రం ఇన్నేళ్లూ దొరకని ఆమె పేరు దొరికింది!

"నాది వినికిడి పొరపాటా సార్?"

"మాటవరసకమ్మా. వినే పని మీది కదా. రాసింది నేనంటే పత్రిక పరువేం కాను? మీరంటే జనం పెద్దగా పట్టించుకోరు."

"అవును. పట్టించుకోరు," అంది పాటలమ్మ.

లేచింది. సంపాదకుడు పని అయిపోయిందనుకుని బిస్కెట్ అందుకున్నాడు. ఆమె తన గదిలోకి వెళ్లి హెడ్‌ఫోన్లు తెచ్చి, ఆయన కంప్యూటరుకు తగిలించి, చెవులకు పెట్టుకుని, ఎదురుగా కూర్చుంది.

"పెట్టండి సార్."

"ఏం పెట్టమంటారు?"

"ఆ పాటే. వింటాను. వింటే నా పేరు వేసుకోండి."

"పాట లేదు కదమ్మా..." అని నసిగాడు. ఆమె అప్పటికే కళ్లు మూసుకుంది.

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తల ఒక పిసరు ఎడమకు వంచి, ఎప్పుడూ తన గదిలో ఎలా వింటుందో అలాగే వింటోంది. సంపాదకుడు గొంతు సవరించుకున్నాడు. కాగితాలు సర్దాడు. టీ మీద మీగడ కట్టింది. లేచి వెళ్దామంటే గది ఆయనదే. ఫోన్ మోగింది, ఎత్తితే గుండె ఆగిన సారు కోసమే అని తెలిసి ఎత్తలేదు. అద్దాల తలుపు అవతల ఒకరిద్దరు ఆగి చూడసాగారు. ఒక పాట ఎంతసేపు ఉంటుందో ఆయనకు ఆ రోజే మొదటిసారి తెలిసినట్టుంది. నుదుటి మీద చెమట పట్టింది.

మధ్యలో ఒకచోట పాటలమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. రెండో చరణం వచ్చిందేమో అన్నట్టు. తర్వాత విడిపోయాయి. చివరికి కళ్లు తెరిచి హెడ్‌ఫోన్లు తీసింది.

"విన్నాను సార్. చివరిదాకా విన్నాను. ఎక్కడా వణకలేదు. ఈ పాటకు నా పేరు వద్దు."

"అలా అంటే ఎలాగమ్మా? పేజీ వెళ్లిపోవాలి ఇవాళ!"

"పేజీకి మీ ఫొటో ఉంది కదా సార్. ఇన్నాళ్లూ అదే విన్నది, అదే చెబుతుంది."

పేజీలు కూర్చే అతని దగ్గరికి వచ్చేసరికి తెర మీద సవరణ సిద్ధంగా ఉంది. చివర ఆమె పేరు, మందపాటి అక్షరాల్లో. పాటలమ్మ కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూసింది. తన పేరు అచ్చక్షరాల్లో ఎలా ఉంటుందో ఆమె ఇంతవరకు చూడలేదు. పెళ్లి పత్రికలో వేశారు కానీ అందులో తప్పు పడింది. ఇక్కడ తప్పు లేదు. అందంగా ఉంది. దీవిలో ఆడగొంతు పాట కింద ఉంటే ఇంకా ఎంత అందంగా ఉండేదో అన్న ఊహ వచ్చింది.

"తీసెయ్ తమ్ముడూ."

"తీస్తే నా పీక మీదికొస్తుందక్కా."

"అయితే జరుగు. ఆవిడే తీసిందని చెప్పు."

వంగి, వేలితో మీట నొక్కి పట్టుకుంది. డిగ్రీ పోయింది. పేరు చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా వెనక్కి వెనక్కి పోయింది. ఇంటిపేరు దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. అదీ పోయింది.

"ఏడుస్తున్నావా అక్కా?"

"ఛ. కోపంలో నాకు కళ్లు చెమరుస్తాయిరా. మా అత్తగారినడుగు."

ఆ తర్వాత గదిలోకి వెళ్లి సంచి సర్దుకుంది. హెడ్‌ఫోన్లు ఆమె సొంతంగా కొనుక్కున్నవే. చుట్టి సంచిలో వేసుకుంది. ఈ నెల కోసం ఏరిన పాటలన్నీ కంప్యూటరులోంచి తీసేసింది. అవి విన్నది తను. ఆ ఫొటో కింద అవి ఇక ఉండవు. ఎప్పుడూ "వస్తానే" అనే మనిషి, రిసెప్షన్ అమ్మాయికి తలూపి మెట్లు దిగింది. సాయంత్రం కాకముందే వెళ్తోంది, ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అప్పటికి గాని ఆఫీసుకు అర్థం కాలేదు.

సవరణ ఎవరి పేరూ లేకుండా, పేజీ అడుగున, భూతద్దానికి మాత్రమే అందేంత చిన్న అక్షరాల్లో వచ్చింది. పైన మామూలుగానే ప్రపంచం పాడింది. కంపెనీల కాగితాల్లో ఉన్న పాటలన్నీ అందులో ఉన్నాయి. ఒకటి మనసును మీటింది, ఇంకొకటి హృదయాన్ని తాకింది, మరొకటి ఆత్మను కదిలించింది. ఎవరి మొగుడూ ఊరెళ్లలేదు. ఎవరి పక్కింటివాళ్లూ డ్రమ్ములు కొట్టలేదు. సంపాదకుడు ఫొటోలో కళ్లు మూసుకుని తన్మయంగా ఉన్నాడు.

పాటలమ్మ కూర్చున్న గదిలో ఇప్పుడు అమ్ముడుపోని సంచికలు పేర్చుతున్నారు. ఆ తలుపు గుబ్బకు మాత్రం ఒక అట్టముక్క వేలాడుతోంది. మిఠాయి పెట్టె మూత కత్తిరించి, పురికొస కట్టి, లోపల పాట పెట్టుకున్నప్పుడల్లా ఆమె బయట తగిలించేది. ఆ రోజు హడావిడిలో తీయడం మరిచిపోయింది. తీయడానికి ఇంకా ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ తలుపు ముందుకు రాగానే ఇప్పటికీ అందరి గొంతులూ వాటంతటవే తగ్గిపోతాయి; లోపలున్నవి పాత కాగితాలేనని తెలిసినా. అట్ట ఒక మూల నలిగింది, మీద నీలిసిరాతో రాసిన మాట కొంచెం వెలిసింది: 'వింటున్నాను'.