మూడు కాగితాలూ ఒక ముద్దా

ఆమె భయమల్లా ఒక్కటే. తను ఉన్నపళంగా చచ్చిపోతే, నాలుగేళ్ళొచ్చినా మెడ నిలవని పాపకి ముద్ద మింగించడం ఎవరికొచ్చు?

పరాయి దేశం నుంచి ముగ్గురు విద్యార్థులు రెండు వారాల సేవకని, ఆమె పాపని చూపించే ఆసుపత్రికి వచ్చారు. నడక నేర్పే చదువు ఒక కుర్రాడిది, చేతిపనులు నేర్పే చదువు ఒకమ్మాయిది, మాటా మింగుడూ నేర్పే చదువు ఇంకో అమ్మాయిది. ఒకరి పని ఒకరు తెలుసుకోవాలనే కలిసి వచ్చారట. వచ్చి మాత్రం ఎవరికి వాళ్ళు పాపని చూసి, తలా ఒక కాగితం ఇచ్చారు. రోజూ కాళ్ళకి రెండు గంటలు, చేతులకి రెండు, నోటికి రెండు. వాళ్ళ మాటలు తిప్పి చెప్పే నర్సు "అర్థమైందామ్మా?" అంటే ఆమె తలూపింది. తొమ్మిదో తరగతిలో ఇంట్లోవాళ్ళు బడి మాన్పించిన మనిషి, అంత చదివినవాళ్ళ ముందు కాదని ఎలా అంటుంది? ఇంటికొస్తే భర్త ఆ కాగితాలు చూసి, "రోజంతా ఇంట్లోనేగా ఉండేది, పిల్లని ఆడించడానికి కూడా కాగితాలు కావాలా?" అని నవ్వాడు. "మేం పెంచలేదూ పిల్లల్ని!" అంది అత్త, తిన్న కంచం ముందుకు తోస్తూ. ఆ రోజు ఆమె నోరు విప్పి మాట్లాడింది పాపతోనే. పాపకి మాటలు రావు.

నాలుగో రోజు ఆసుపత్రికి వెళ్తే, "అన్నీ చేశారా?" అని అడిగారు ఆ విద్యార్థులు. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. "ఇవన్నీ చేస్తూ కూర్చుంటే వంటెవరు చేస్తారు, గిన్నెలెవరు తోముతారు?" అనేసింది. ముగ్గురూ అప్పుడు ఒకరి కాగితం ఒకరు లాక్కుని చదివారు. కలిపితే రోజుకి ఆరు గంటలు. మొహాలు చిన్నబోయాయి. వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన పంతులమ్మ, "ఇంట్లో ఎలా తినిపిస్తావో చూపించమ్మా" అంది.

ఆమె నేల మీద చతికిలబడింది. ఎడమ మోకాలు పాప వీపుకి ఆనించి, గడ్డం కింద వేలు పెట్టి, పాప పిడికిలిని చెంచాకి చుట్టి, గుటక పడేదాకా సన్నగా రాగం తీసింది. కుర్రాడు మోకాలి వంక, ఒక పిల్ల చెంచా వంక, ఇంకో పిల్ల గొంతు వంక చూస్తూ ఉండిపోయారు.

"ఎవరు నేర్పారు?" అన్నాడు కుర్రాడు.

"ఎవరు నేర్పుతారండీ! పొలమారి ఉక్కిరిబిక్కిరైనప్పుడల్లా కొంచెం కొంచెం..."

తాము రాసినవి పక్కన పెట్టి, ఆమె చెప్పింది ముగ్గురూ కలిసి ఒకే కాగితం మీద రాసుకున్నారు. పంతులమ్మ చివరికి ఒక్క మాట అడిగింది. "ఇది మీ ఇంట్లో ఇంకెవరికి వచ్చు?"



ఆ సాయంత్రం చెంచా తీసుకెళ్ళి భర్త చేతిలో పెట్టింది.

"నాకెందుకిది? నువ్వున్నావుగా."

"లేనప్పటి కోసం. కూర్చోండి. మోకాలు ఎత్తండి."

పాపకి పొలమారింది. అతను చెంచా ఆమె వైపు చాపాడు. ఆమె పాపని ముందుకు వంచి, నిమ్మళించాక అతని వేలు సరిగ్గా గడ్డం కిందికి జరిపింది. చెంచా మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ విద్యార్థులు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. మీ వీధిలోనూ ఇలాంటి తల్లి ఒకామె ఉంటుంది. పాపెలా ఉందని అందరూ అడుగుతారు. మీరు మాత్రం ఒకసారి తలుపు తట్టి, ఆమె తిన్నదో లేదో కనుక్కోండి.